పంటి బిగువు... మెడకు బరువు!

కిందటేడు వినాయక చవితి వెళ్ళిన వారం. కర్లపాలెం అవతల ఓ పల్లె నుంచి షేర్ ఆటోలో ఒకావిడ మా క్లినిక్‌కి వచ్చింది. వయసు నలభై దాటింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆ మిషను మీదే ఇల్లు నడుస్తోంది, కూతురి చదువూ నడుస్తోంది. మూడేళ్ళుగా మెడ నొప్పి. కుడివైపు చెవి వెనక మొదలై, తల వెనక నుంచి కణత దాకా పాకుతుందట. చేతిలో సంచీ నిండా ఎక్స్‌రేలు, మందుల చీటీలు!

''మెడ ఎముకలు అరిగాయన్నారండీ. ఇక జన్మంతా ఇంతేనా?'' అని అడిగింది.

ఎక్స్‌రే చూశాను. నలభై దాటిన చాలామంది మెడల్లో కనిపించే మార్పులే ఉన్నాయి. తల వెంట్రుకలు నెరిసినట్టే ఇదీనూ. నెరిసిన జుట్టంతా నొప్పి పుట్టదు కదా! ఆ మాటే చెప్పి, ధైర్యం ఇచ్చి, మెడకు వైద్యం మొదలుపెట్టాను. కరెంటు పెట్టాం. ట్రాక్షన్ లాగాం. మెడ కండరాలు సాగదీశాం. వ్యాయామాలు నేర్పాం. మూడు వారాలు గడిచాయి. క్లినిక్‌లో ఉన్నంతసేపూ హాయి. ఇంటికెళ్ళిన మర్నాటికి నొప్పి మళ్ళీ హాజరు!

నాలుగో వారంలో ఒకరోజు క్లినిక్‌లో రద్దీగా ఉంది. తన వంతు వచ్చేలోగా ఆవిడ బెంచీ మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఎవరినో పిలవడానికి నేను గుమ్మంలోకి వచ్చాను. ఆవిడ పెదవుల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. కుట్టడం అయిపోగానే వాటిని తీసి పక్కన పెట్టి, దారాన్ని కుడివైపు పళ్ళతో పటుక్కున కొరికింది. కొరికిన మరుక్షణం చెయ్యి చెంప మీదకు వెళ్ళింది. అలా చెంప అదుముకోవడం ఆవిడకు తెలియకుండానే జరిగిపోయింది.

నేను ఇన్నాళ్ళూ మెడ చూశాను. భుజం చూశాను. చేతులు చూశాను. నోరు మాత్రం ఒక్కసారీ తెరిపించలేదు. ఆవిడ చెప్పలేదు కాబట్టి నేను అడగలేదు. నేను అడగలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు!

''ఒకసారి నోరు తెరువమ్మా'' అన్నాను.

మూడు వేళ్ళు పట్టాలి... రెండే పట్టాయి

మీరూ ఇప్పుడే అద్దం ముందు నిలబడి ఈ చిన్న పరీక్ష చేసుకోవచ్చు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు... మూడూ కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోండి. మామూలుగా ఎవరి మూడు వేళ్ళు వాళ్ళ నోట్లో పడతాయి. కొలిస్తే, పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య సుమారు 40 నుంచి 50 మిల్లీమీటర్లు. తెరిచేటప్పుడు కింది దవడ తిన్నగా కిందికి దిగాలి.

ఆవిడకు రెండు వేళ్ళే పట్టాయి. దవడ తిన్నగా దిగకుండా కుడివైపుకు వంకర తిరిగింది. చెవి ముందు వేలు పెడితే 'టిక్' మని చప్పుడు. కుడి చెంప కండరం మీద వేలితో నొక్కగానే ఆవిడ ఉలిక్కిపడింది. ''అదేనండీ! ఇన్నాళ్ళూ నేను చెబుతున్న నొప్పి ఇదేనండీ! చెవిలోకీ, పళ్ళలోకీ పోతోంది చూడండి'' అంది.

అప్పుడు బయటపడింది అసలు కథ. రెండేళ్ళ కిందట కుడివైపు దవడ పన్ను లాగుతోందని పీకించుకుంది. నొప్పి తగ్గలేదు. పక్క పన్నూ పీకించుకుంది. అయినా తగ్గలేదు. చెంప కండరం నుంచి వచ్చే నొప్పి దవడ పళ్ళలో తేలడం వైద్యంలో బాగా తెలిసిన విషయమే. పుచ్చు లేని పన్ను నొప్పి పుడుతోందంటే, పీకేముందు ఒకసారి చెంప కండరాన్ని నొక్కి చూడాలి. ఆ పళ్ళు ఎవరు పీకారని నేను అడగలేదు. అడిగే మొహం నాకెక్కడిది? నేను మాత్రం మూడు వారాలు చూడకుండా వదిలేయలేదూ!

అక్కడ తెనాలి... ఇక్కడ మెడ

మెడకూ దవడకూ ఏమిటీ చుట్టరికం? చాలామందికి వచ్చే సందేహమే ఇది.

మన రైలు దారినే చూడండి. రేపల్లె నుంచి వచ్చే బండీ, చీరాల-బాపట్ల మీదుగా వచ్చే బండీ వేర్వేరు దారుల్లో వచ్చి తెనాలిలో కలుస్తాయి. అక్కడి నుంచి విజయవాడకు ఒకటే దారి. విజయవాడ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాడికి, ఆ దిగినాయన రేపల్లెలో ఎక్కాడో బాపట్లలో ఎక్కాడో ఎలా తెలుస్తుంది?

మన శరీరంలోనూ సరిగ్గా ఇలాంటి జంక్షన్ ఒకటుంది. ముఖం, పళ్ళు, దవడల కబుర్లు మోసుకొచ్చే నరం పేరు ట్రైజెమినల్. మెడలో పైనున్న మూడు పూసల దగ్గరి కబుర్లను మెడ నరాలు మోసుకొస్తాయి. ఈ రెండూ వెన్నుపాము పైభాగంలో ఒకేచోట కలుస్తాయి. అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే దారి ఒకటే. అందుకే దవడలో పుట్టిన నొప్పిని మెదడు మెడదనుకోవచ్చు. మెడలో పుట్టిన నొప్పి కణతలోనో, చెవిలోనో, కంటి వెనకో తేలవచ్చు.

రెండో చుట్టరికం కదలికది. అన్నం ముద్ద కోసం నోరు తెరిచినప్పుడల్లా దవడ ఒక్కటే కదులుతుందనుకుంటాం. నిజానికి తల కూడా ఓ పిసరు వెనక్కి వంగుతుంది. మెడ కండరాలు తలను పట్టి నిలబెడితేనే దవడ కండరాలు పనిచేయగలవు. మన తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలు. మిషను మీదకో, ఫోను మీదకో, మగ్గం మీదకో ఆ తలను ముందుకు వాల్చి గంటల తరబడి కూర్చుంటే మెడ వెనక కండరాలు పగలంతా ఆ బరువు మోస్తూనే ఉంటాయి. తల ముందుకు పోయేసరికి కింది దవడ వెనక్కి లాగినట్టవుతుంది. పళ్ళు దగ్గరపడతాయి. ఒకచోట బిగువు మొదలైతే రెండోచోటికి పాకడానికి ఎంతోసేపు పట్టదు.

ఇక మూడో చుట్టరికం మనసుది. 'పంటి బిగువున నెట్టుకొచ్చింది' అంటాం కదా! కష్టాన్ని కక్కలేక, మింగలేక భరించేవాళ్ళ గురించి మన పెద్దలన్న మాట. ఇది ఉత్త మాట కాదు, అక్షరాలా జరిగే పని. చీటీ డబ్బు కట్టాల్సిన తేదీ గుర్తొచ్చినప్పుడు, కాలేజీ ఫీజు గడువు దగ్గరపడినప్పుడు, పిల్ల ఇంకా ఇంటికి రానప్పుడు మన పళ్ళు మనకు తెలియకుండానే బిగుసుకుంటాయి. కొందరికి నిద్రలోనూ ఇదే పని. పొద్దున లేచేసరికి చెంపలు బరువెక్కి, కణతలు లాగుతూ ఉంటాయి.

ఇంకో విశేషం వినండి. తిండి తినేటప్పుడూ గుటక వేసేటప్పుడూ తప్ప పై పళ్ళకూ కింది పళ్ళకూ తాకిడే ఉండకూడదు. రోజు మొత్తంలో ఆ తాకిడంతా కలిపితే ఇరవై నిమిషాలకు మించదని నిపుణుల అంచనా. మిగతా కాలమంతా వాటి మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఈ వాక్యం చదువుతున్న క్షణాన మీ పళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి. కలిసే ఉన్నాయా? మీరొక్కరే కాదులెండి!

నూటికి ఎందరు?

చెవి ముందుండే దవడ కీలునూ, దాని చుట్టూ ఉన్న కండరాలనూ పట్టే ఈ బాధలన్నిటినీ కలిపి డాక్టర్లు టీఎండీ అంటారు. అమెరికా జాతీయ దంత పరిశోధన సంస్థ లెక్క ప్రకారం నూటికి 5 నుంచి 12 మందిలో ఈ బాధ ఉంటుంది. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. సంసారం, సంపాదన రెండూ నెత్తిన ఉండే వయసులోనే ఎక్కువ. దవడ బాధ ఉన్నవాళ్ళలో మెడ నొప్పి చాలా తరచుగా కనిపిస్తుంది. అలాగని మెడ నొప్పి ఉన్న ప్రతివారికీ దవడ బాధ ఉందనుకోకండి. వైద్యానికి లొంగకుండా నెలల తరబడి వేధించే మెడ నొప్పి అయితే దవడనూ చూడాలి. అంతే.

'టిక్' మనే చప్పుడు గురించి కూడా ఓ మాట. నొప్పి లేకుండా, నోరు బాగానే తెరుచుకుంటూ, చప్పుడు మాత్రమే వస్తుంటే దానికి వైద్యం అక్కర్లేదు. మోకాలు చప్పుడు చేసినట్టే ఇదీనూ.

చేతి వైద్యం అంటే...

ఆవిడకు ఆ తర్వాత ఏం చేశామో చెబితే ఈ వైద్యం మీకు అర్థమవుతుంది. ఇందులో మందూ లేదు, సూదీ లేదు. ఉన్నవల్లా చేతులే.

మొదట దవడ. చేతికి గ్లవ్ తొడుక్కుని, బొటనవేలు నోటి లోపలా చూపుడు వేలు చెంప బయటా పెట్టి, నమిలే కండరాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా నొక్కి ఉంచుతాం. ముడి కట్టినట్టున్న చోట కాసేపు అలాగే పట్టి ఉంచితే నొప్పి నెమ్మదిగా కరుగుతుంది. కణత మీది కండరానికీ అదే పని. తర్వాత కీలు. బొటనవేలిని కింది దవడ పళ్ళ మీద ఆనించి, దవడను కిందికీ కొద్దిగా ముందుకూ లాగుతాం. గట్టిగా కాదు... బిగిసిన సొరుగును నెమ్మదిగా లాగినట్టు. ముందే చెప్పి, రోగి చెయ్యెత్తితే ఆపేస్తామని ఒప్పందం చేసుకుని మరీ మొదలుపెట్టాలి. నోట్లో వేలు పెట్టించుకోవడం ఎవరికైనా ఇబ్బందే కదా!

తర్వాత మెడ పైభాగం. తలను పూర్తిగా ముందుకు వంచి పక్కకు తిప్పితే మామూలుగా 40 డిగ్రీలు దాటి తిరుగుతుంది. ఆవిడకు కుడివైపు అందులో సగమే తిరిగేది. పుర్రె కింద, మెడ మొదట్లో ఉండే చిన్న కండరాలను వేలి కొసలతో సడలించి, పై మూడు పూసలను ఒక్కొక్కటిగా మెల్లగా కదిలిస్తాం.

ఆఖరున వ్యాయామం. వెల్లకిలా పడుకుని, 'అలాగేనండీ' అన్నట్టు గడ్డాన్ని కొద్దిగా గొంతువైపు దించి పది సెకన్లు ఉంచాలి. తల లేపకూడదు. మెడ ముందువైపు లోతుగా ఉండే కండరాలకు ఇది కసరత్తు. చూడ్డానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది కానీ, చేసి చూస్తే తెలుస్తుంది!

వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు చేశాం.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఒక్క మనిషికి తగ్గితే అది కథ. పదిమందిని పోల్చి చూస్తే సాక్ష్యం. ఫిజియోథెరపిస్టు హ్యారీ ఫాన్ పీకార్ట్స్ బృందం మెడ నుంచి పుట్టే తలనొప్పితోపాటు దవడ బాధ లక్షణాలూ ఉన్న 43 మందిని తీసుకుంది. కొందరికి మెడకు మాత్రమే వైద్యం చేసింది. మిగతావాళ్ళకు మెడతోపాటు దవడకూ చేసింది. 2011లోనూ 2013లోనూ వెలువడిన ఆ ఫలితాల్లో దవడకూ వైద్యం అందినవాళ్ళకే తలనొప్పి ఎక్కువగా తగ్గింది, మెడ కదలికా వాళ్ళకే మెరుగుపడింది. ఆరు నెలల తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది.

ఇటు నుంచి అటూ ఇదే చుట్టరికం. 2009లో స్పెయిన్ పరిశోధకులు దవడ కండరాల నొప్పి ఉన్న 19 మందికి దవడను ముట్టుకోకుండా మెడకే చేతి వైద్యమూ వ్యాయామమూ ఇచ్చారు. అయిదు వారాల్లో పది విడతలు. దవడ నొప్పి తగ్గి, నోరు ఇంకాస్త తెరుచుకుంది. ఇవి చిన్న పరిశోధనలే. వీటిని చూసి 'అందరికీ గ్యారంటీ' అనడం తప్పు.

అయితే 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక పెద్ద మార్గదర్శిని ప్రచురించింది. నూట యాభైకి పైగా పరిశోధనలను జల్లెడ పట్టాక నిపుణులు తేల్చిందేమిటంటే... ఎక్కువకాలంగా ఉన్న దవడ నొప్పికి ముందుగా చేయాల్సినవి థెరపిస్టు చేతులతో కీలును కదిలించడం, కండరాల ముడులను నొక్కి సడలించడం, దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలూ భంగిమ వ్యాయామాలూ, ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్. పళ్ళ కలయికను శాశ్వతంగా మార్చేసే తొడుగులూ, కీలులోని మెత్తను తీసేసే ఆపరేషనూ వద్దేవద్దని గట్టిగా చెప్పారు. రాత్రిపూట పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులు కూడా ఈ నొప్పికి మొదటి వైద్యం కాదన్నారు. పళ్ళు కొరికి అరిగిపోతున్నవాళ్ళకు ఆ తొడుగు అవసరమో కాదో చెప్పాల్సింది దంతవైద్యులు. అది వేరే విషయం.

మెడ 'విరిపించుకోవడం' ఈ వైద్యం కాదు!

చేతి వైద్యం అనగానే కొందరికి సెలూన్‌లో క్షవరం అయ్యాక తల పట్టుకుని 'టకటక' మనిపించడం గుర్తొస్తుంది. దయచేసి అది వద్దు. మెడ పూసల రంధ్రాల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు వెళతాయి. ఒక్కసారిగా మెలితిప్పితే ఆ నాళం లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. తలను ఎక్కువగా వెనక్కి వాల్చినా ముప్పే. 2022లో హైదరాబాద్‌లో యాభై ఏళ్ళ మహిళ ఒకరు బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడిగించుకుంటుండగా పక్షవాతం లక్షణాలతో ఆసుపత్రిలో చేరారు. పేపర్లన్నీ రాశాయి. ఇలాంటివి అరుదే. కానీ ఆ అరుదైన ఒక్కరం మనమే ఎందుకు కావాలి?

మెడ మీద చెయ్యి వేసే మనిషి ఏం చదివారో అడగడం మీ హక్కు. ఫిజియోథెరపీలో బీపీటీ, ఎంపీటీ డిగ్రీలుంటాయి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి ఈ వృత్తీ వచ్చింది. మీ థెరపిస్టు నోరు తెరిపించి చూడకపోతే, 'దవడ కూడా చూస్తారా?' అని మీరే అడగండి. నన్ను ఎవరైనా అలా అడిగి ఉంటే ఆవిడకు మూడు వారాలు కలిసొచ్చేవి. పళ్ళు, దవడల నిపుణులు కావాలంటే మన ప్రాంతానికి దగ్గరలో విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

ఇంట్లో మీరు చేయగలిగినవి

మేం చేసేది వారంలో ఒకటి రెండు గంటలు. మిగతా కాలమంతా మీ దవడ మీ చేతిలోనే! అందుకే ఇవి గుర్తుంచుకోండి.

* పెదవులు కలిపి, పళ్ళు విడిగా ఉంచండి. నాలుక కొసను పై ముందు పళ్ళ వెనక, చిగురుకు కాస్త పైన మెల్లగా ఆనించండి. ఇది దవడకు విశ్రాంతి భంగిమ.

* నాలుకను అక్కడే ఉంచి నోరు మెల్లగా తెరిచి మూయండి. విడతకు ఆరుసార్లు, రోజుకు ఆరు విడతలు. చిలీ దేశపు ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామాల్లో ఇదొకటి.

* మిషను మీద, వంటింటి గట్టు దగ్గర, ఫోను వెనక ఒక్కో బొట్టుబిళ్ళ అతికించండి. అది కనబడినప్పుడల్లా పళ్ళు విడదీసి, భుజాలు దించండి. ఖర్చు లేని వైద్యం!

* దారం పళ్ళతో కొరకవద్దు. కత్తెరకు తాడు కట్టి మిషనుకు వేలాడదీయండి. సూదులకు మణికట్టుకు కట్టుకునే చిన్న దిండు కుట్టుకోండి. సీసా మూతలు, ప్యాకెట్లు నోటితో తెరవడం మానండి.

* నొప్పి ఉన్న రోజుల్లో తేగలు, చెరకు ముక్కలు, జంతికలు, మొక్కజొన్న కండెలు పక్కన పెట్టండి. పెరుగన్నం, ముద్దపప్పు, ఇడ్లీ తినండి. తగ్గాక మెల్లగా అన్నీ తినవచ్చు. నమిలేది మాత్రం రెండు వైపులా నమలండి.

* వేడి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలును చెంపకూ మెడ వెనకా పదిహేను నిమిషాలు కాపండి.

* ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి. నోరు మరీ బార్లా తెరుచుకోదు.

* ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడకండి. బండి నడుపుతూ అసలే వద్దు. దిండు మరీ ఎత్తు వద్దు. బోర్లా పడుకోవద్దు.

* అరగంటకోసారి మిషను ఆపి లేవండి. మంచినీళ్ళకో, మొక్కలకో... ఏదో వంక పెట్టుకోండి.

అన్నిటికీ కండరమే కారణం కాదు

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో దవడ, మెడ, ఎడమ చెయ్యి లాగుతూ, చెమటలు పట్టి, ఛాతీ బరువెక్కితే అది గుండెపోటు కావచ్చు. బాపట్లయినా, రేపల్లయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా దవడ, మెడ నొప్పిగానే రావచ్చు.

వక్క, గుట్కా, ఖైనీ నమిలే అలవాటున్నవాళ్ళకు నోరు క్రమంగా తెరుచుకోకపోతే, కారం తగిలితే నోరు మండుతుంటే అది కండరాల బాధ కాకపోవచ్చు. బుగ్గల లోపలి పొర గట్టిపడే జబ్బు అది. కొందరిలో క్యాన్సర్‌కు దారితీస్తుంది. దాన్ని చేతులతో సాగదీయకూడదు, ముందు దంతవైద్యులు చూడాలి.

యాభై దాటినవాళ్ళకు కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలేటప్పుడు దవడ అలిసిపోతూ, చూపు మసకబారుతుంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గాయమైన కొద్ది రోజులకు దవడ బిగుసుకుంటే ధనుర్వాతం కావచ్చు. జ్వరంతో మెడ బిగుసుకున్నా, చేతులు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా... ఇవేవీ ఇంటి వైద్యాలకు, మాలీషులకు వదిలేయాల్సినవి కావు.

ఆవిడ ఏమైంది?

రెండో వారానికి నోట్లో మూడో వేలు సగం దూరింది. నాలుగో వారంలో ''ఆవకాయ ముద్ద పెద్దదిగా కలుపుకుని తిన్నానండీ'' అని చెప్పింది. ఆరో వారానికి ఆటోలో కూర్చుని వెనక వచ్చే బస్సు చూడ్డానికి ఒళ్ళంతా తిప్పాల్సిన పని లేకుండా మెడ తిరిగింది. నొప్పి మొత్తం పోయిందా అంటే పోలేదు. పండగ ముందు గిరాకీ పెరిగి అర్ధరాత్రి దాకా కుట్టినప్పుడు మళ్ళీ పలకరిస్తుంది. కానీ ఇప్పుడు ఏం చేయాలో ఆవిడకు తెలుసు. పీకించుకున్న రెండు పళ్ళు మాత్రం తిరిగి రావు. ఆ సంగతి ఆవిడకంటే నాకే ఎక్కువ గుర్తు.

ఆ రోజు నుంచి మా క్లినిక్‌లో ఒక అలవాటు పెట్టుకున్నాం. మెడ నొప్పితో ఎవరు వచ్చినా పేరు, ఊరు, వయసు రాసుకున్నాక అడిగే మొదటి మాట... ''ఒకసారి నోరు తెరువండి.'' కొందరు నవ్వుతారు. ''మెడ నొప్పండీ, పంటి నొప్పి కాదు'' అంటారు. అనుకోనివ్వండి!

సంక్రాంతి వెళ్ళాక ఆవిడ మళ్ళీ వచ్చింది, వైద్యానికి కాదు. పాత చీర ముక్కలో కట్టిన తేగల కట్ట బల్ల మీద పెట్టింది. మా ఇసుక నేలల తాటి తేగలు, ఉడకబెట్టినవి. 'వద్దన్నాను కదమ్మా' అన్నట్టు చూశాను.

''ఇవి మీకండీ. నేను తిన్నది ఒక్కటే'' అంది. తర్వాత నవ్వింది. ''అదీ రెండు వైపులా నమిలానండీ.''

మణికట్టుకు సూదుల దిండు కట్టుకుని ఉంది. ఎర్ర పట్టు జాకెట్టు గుడ్డ మిగిలితే దాంతో కుట్టుకుందట.